కదలనిస్తూ పట్టుకునే రబ్బరు



పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తప్పని పని ఒకటుంది: ఇంజన్ మౌంటింగులు మార్చడం. ఇంజన్‌కీ కారు చట్రానికీ మధ్య, రెండు ఇనుప పలకల నడుమ అతికించిన రబ్బరు దిమ్మలే ఈ మౌంటింగులు. బానెట్ ఎత్తి చూస్తే కంటికి ఆనవు. అరిగినా బండి ఆగిపోదు కాబట్టి ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు. పట్టించుకున్న రోజున రెండు ప్రశ్నలు లేస్తాయి. ఈ పని ఇంట్లో చేసుకోదగ్గదేనా? చేసుకుంటే మొదట ఉన్నలాంటి మెత్తని రబ్బరే వేయాలా, లేక బజారులో రేసు పేరుతో అమ్మే గట్టి రకం వేయాలా? నా సమాధానం సూటిగా చెబుతాను. ఇంట్లో చేసుకోవచ్చు, వేయవలసింది మెత్తని రబ్బరే. ఈ రెండు మాటలకూ ఆధారం ఒకటే. మౌంటింగు ఉన్నది ఇంజన్‌ను కదలకుండా కట్టిపడేయడానికని చాలామంది నమ్ముతారు. నిజానికి ఇంజన్‌ను కదలనివ్వడానికీ, ఆ కదలిక ఒక హద్దు దాటకుండా చూడడానికీ అది పుట్టింది. ఈ సంగతి మనసుకెక్కితే రోగం కనిపెట్టడం, సామాను ఎంచుకోవడం, బోల్టు బిగించడం అన్నీ దారిలో పడతాయి.

మాట గాలిలో తేలిపోకుండా ఒక కారు చుట్టూ మాట్లాడుకుందాం. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మాజ్దా కంపెనీ రెండు సీట్ల చిన్న ఓపెన్ కారును చూపించింది. పేరు ఎంఎక్స్-5. అమెరికాలో మియాటా అన్నారు, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మారు. వెయ్యి కిలోలలోపు బరువు, ముందు నిలువుగా కూర్చున్న 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, ఇంజన్ తిప్పేవి వెనక చక్రాలు. 2016 నాటికి ఈ వరసలో పది లక్షల కార్లు తయారయ్యాయి. మన దేశంలో దీన్ని కంపెనీ అమ్మలేదు. అమెరికాలో మాత్రం పాతవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి, అక్కడి తెలుగువాళ్ల ఇళ్లకు సిమెంటు నేల ఉన్న గరాజులూ ఉన్నాయి. సొంత చేతులతో రిపేరు నేర్చుకునేవాళ్లకు ఇది బడి పుస్తకం లాంటి బండి అని పేరు. మన చర్చకు పనికొచ్చే విశేషం మరొకటి ఉంది. మామూలుగా ఇలాంటి కార్లలో ఇంజన్ కింద రెండు మౌంటింగులు, గేర్‌బాక్స్ కింద ఒకటి ఉంటాయి. మియాటాలో గేర్‌బాక్స్ కింద ఏమీ లేదు. గేర్‌బాక్స్‌ను, వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌తో ఒక పొడవైన అల్యూమినియం ఫ్రేము కలిపేస్తుంది. అంటే ఇంజన్ నుంచి డిఫరెన్షియల్ దాకా అంతా ఒకే ముక్క. ఆ మొత్తాన్ని మోసేవి ముందు రెండు ఇంజన్ మౌంటింగులు, వెనక డిఫరెన్షియల్ దగ్గరి రబ్బర్లు, అంతే. కాబట్టి ముందున్న రెండింటిలో ఒకటి చెడినా దాన్ని కప్పిపుచ్చే మూడోది లేదు.

ఇంజన్ అసలెందుకు కదులుతుంది? మొదటి కారణం తేలిక. ఇంజన్ ఇరుసును ఒక వైపు తిప్పితే ఇరుసు ఇంజన్‌ను రెండో వైపు తిప్పజూస్తుంది. ఆ తొలి మియాటా ఇంజన్ తిప్పుడు బలం సుమారు 135 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు దాన్ని మూడు రెట్లకు పైగా పెంచుతుంది. గేర్‌బాక్స్ బయటికి ఇచ్చేది 420 దాటితే, అంత బలమూ ఇంజన్-గేర్‌బాక్స్ ముక్కను పక్కకు దొర్లించాలని చూస్తుంది. ఒక మౌంటింగు నలుగుతుంది, రెండోది సాగుతుంది. క్లచ్ వదిలిన ప్రతిసారీ, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసిన ప్రతిసారీ ఇదే తంతు. రెండో కారణం కొంచెం లోతైనది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో రెండు పిస్టన్లు పైకి వెళుతుంటే రెండు కిందికి వస్తాయి కదా, ఒకదాని ఊపు మరొకటి కొట్టేయాలి. కొట్టేయదు. కనెక్టింగ్ రాడ్ వాలు వల్ల పిస్టన్ తన ప్రయాణంలో పై సగాన్ని ఎక్కువ వేగంతో, కింది సగాన్ని తక్కువ వేగంతో దాటుతుంది. పైనా కిందా లెక్క సరిపోదు. మిగిలిన తేడా క్రాంకు ఒక్కసారి తిరిగేలోగా రెండుసార్లు ఇంజన్‌ను నిలువునా కుదుపుతుంది. దీనికి ఏ మెకానిక్కూ తప్పు పట్టలేడు. నాలుగు సిలిండర్లు వరసగా పెట్టిన ప్రతి ఇంజన్ పుట్టుకలోనే ఈ కుదుపు ఉంది.

కార్ల తయారీదార్లు దీనితో చాలాకాలం కుస్తీ పట్టారు. మొదటి తరాల కార్లలో ఇంజన్‌ను నేరుగా చట్రానికి బిగించేవారు, వణుకు అంతా కూర్చున్నవాళ్ల ఎముకల్లోకి పోయేది. 1931లో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో కొత్త పద్ధతి తెచ్చింది. ముందు మౌంటింగును ఎత్తున, వెనకదాన్ని కిందుగా పెట్టి, రెంటినీ కలిపే గీత ఇంజన్ గరిమనాభి గుండా పోయేలా అమర్చి, రబ్బరు మీద ఇంజన్‌ను ఊగనిచ్చింది. దానికి ఫ్లోటింగ్ పవర్ అని పేరు పెట్టి, నాలుగు సిలిండర్ల ఖర్చుతో ఎనిమిది సిలిండర్ల నునుపు అని ఊదరగొట్టింది. ప్రకటనల్లో అతిశయం ఉంటుంది, సరే. కానీ సిట్రోయెన్ ఆ హక్కును కొనుక్కుని, 1932లో తన కార్ల ముందు ఈదే హంస గుర్తు పెట్టుకుంది. పోటీ కంపెనీ డబ్బిచ్చి కొనుక్కుందంటే అందులో సరుకు ఉన్నట్టే. ఇంజన్‌ను గట్టిగా పట్టుకోవడం నుంచి తెలివిగా వదలడం వైపు వాహన విద్య అప్పుడే తిరిగింది. తొంభై ఏళ్లు దాటినా వెనక్కి మళ్లలేదు.

ఎంత వదలాలి అన్నదానికి లెక్క ఉంది. మియాటా ఇంజన్ నిలకడగా ఆడేటప్పుడు నిమిషానికి 850 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 14. చుట్టుకు రెండు కుదుపుల చొప్పున సెకనుకు 28. రబ్బరు మీద కూర్చున్న ఇంజన్‌కు, దానంతట దాన్ని వదిలేస్తే ఊగే సొంత లయ ఒకటి ఉంటుంది. దీన్నే సహజ పౌనఃపున్యం అంటారు. కుదుపుల వేగం ఆ సొంత లయకు 1.4 రెట్లు మించితేనే రబ్బరు వణుకును తగ్గించడం మొదలుపెడుతుంది, అంతకు తక్కువైతే పైగా పెంచుతుంది. కాబట్టి 28 కుదుపులను ఆపాలంటే సొంత లయ సెకనుకు 20 లోపు ఉండాలి, ఎంత తగ్గితే అంత మంచిది. ఇప్పుడు రబ్బరును నాలుగు రెట్లు గట్టిగా చేశామనుకోండి, సొంత లయ రెండింతలవుతుంది. 12 దగ్గర ఉన్నది 24కు ఎగబాకి కుదుపుల వేగం పక్కనే నిలబడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగు జలదరించడం, అద్దంలో వెనక బండి మసకబారడం, డాష్‌బోర్డులో ఏదో ఒకటి గిలకలా మోగడం, ఇవన్నీ ఈ లెక్క ఫలితాలే. గట్టి మౌంటింగు వేసిన కారు నడుస్తున్నప్పుడు బాగుండి ఆగినప్పుడు వణికే రహస్యం కూడా ఇదే. వేగం పెరిగేకొద్దీ కుదుపులు ఆ ప్రమాదపు అంచును దాటిపోతాయి.

ఇక అరుగుదల. అరిగిన మౌంటింగు అంటే వదులైన మౌంటింగు అని అనుకోవడం సగమే నిజం. రబ్బరుకు వేడి, ఓజోన్, ఆయిల్ మూడూ శత్రువులే. ఎగ్జాస్ట్ వైపు ఉన్నది వేడికి ఎండి గట్టిపడుతుంది. వాల్వ్ కవర్ గాస్కెట్ లాంటి చోట్ల నుంచి ఆయిల్ కారి మీద పడితే అదే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. రబ్బరు ఇనుపరేకును అంటుకున్న అంచు దగ్గర చిన్న చీలిక మొదలై లోపలికి పాకుతుంది. పూర్తిగా విడిపోయాక ఇంజన్ కిందికి జారి ఇనుము మీద ఇనుము కూర్చుంటుంది. అప్పుడు ఒకే మౌంటింగులో రెండు జబ్బులు కనబడతాయి: యాక్సిలరేటర్ వేసి వదిలినప్పుడు ధడ్‌మన్న చప్పుడు, ఆగినప్పుడు రేకుల మోత. మొదటిది హద్దు పోవడం వల్ల, రెండోది మెత్తదనం పోవడం వల్ల. మియాటాలో పసిగట్టడానికి మరో గుర్తు ఉంది. దాని గేర్ రాడ్ నేరుగా గేర్‌బాక్స్ మీదే నిలబడి ఉంటుంది, మధ్యలో కేబుళ్లు లేవు. ఇంజన్ ఎటు దొర్లితే రాడ్ అటు వాలుతుంది. చిన్న గేరులో కాలు ఒత్తి వదులుతుంటే రాడ్ మరీ పక్కకు ఊగుతోందంటే మౌంటింగుల మీద అనుమానం పెట్టుకోవచ్చు.

అనుమానమే, తీర్పు కాదు. ఆగినప్పుడు వణుకు స్పార్క్ ప్లగ్ వైరు పాడైనా వస్తుంది, ఇన్‌టేక్‌లో ఎక్కడో గాలి లీకైనా వస్తుంది. ధడ్‌మన్న చప్పుడు డిఫరెన్షియల్ రబ్బర్లు పోయినా, ఆ అల్యూమినియం ఫ్రేము బోల్టులు వదులైనా వస్తుంది. అందుకే ముందు ఇంజన్ సరిగ్గా మండుతోందో లేదో తేల్చుకోవాలి. తర్వాత టార్చి వేసి రబ్బరు అంచులు చూడాలి, పొడుగాటి రాడ్‌తో మెల్లగా ఎత్తి చీలిక నోరు తెరుస్తుందేమో గమనించాలి. ఇంటిపని వైపు నేను మొగ్గడానికి మొదటి కారణం ఇక్కడుంది. వర్క్‌షాపులో గంటకింత అని లెక్క నడుస్తుంది. అరగంట కూర్చుని చీలిక కోసం వెతకడం కంటే అనుమానం ఉన్న సామాను మార్చేయడమే వాళ్లకు చవక. వాళ్లను తప్పుపట్టలేం. అవసరమైనంత సేపు చూసే ఓపిక సొంతదారుకు ఉంటుంది, ఆ ఓపికకు బిల్లు పడదు.

బరువు సంగతి తీసుకుని చాలామంది అభ్యంతరం చెబుతారు. వంద కిలోలకు పైబడిన ఇంజన్‌ను ఇంట్లో ఎలా ఎత్తుతారు, ఇది ప్రాణాలతో చెలగాటం కాదా అని. భయం సబబే, కానీ ఇంజన్‌ను బయటికి తీయనక్కరలేదు. మౌంటింగు బోల్టులు ఊడదీసి, పాతది జారి బయటికి వచ్చేంత, అంటే ఒకటి రెండు అంగుళాలు ఎత్తితే చాలు. అసలు ప్రమాదం కారుతోనే. సమతలమైన సిమెంటు నేల ఉండాలి, వెనక చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టాలి, కారు ముందు భాగం రెండు జాక్ స్టాండ్ల మీద కుదురుగా నిలిచాకే కిందికి దూరాలి. జాక్ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి కాదు. నూనె సీలు ఒక్కటి జారితే జాక్ దిగిపోతుంది. ఇంజన్‌కు పైనుంచి అడ్డకమ్మీ వేసి గొలుసుతో పట్టుకోవడం ఉత్తమం. కిందనుంచి ఎత్తితే ఆయిల్ పాన్ నొక్కుకుపోకుండా వెడల్పాటి చెక్క పెట్టి ఎత్తాలి, ఎత్తిన ఇంజన్‌కూ దాని కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబరుకూ మధ్య వేళ్లు పెట్టకూడదు. వాలుగా ఉన్న వాకిట్లోనో మట్టినేల మీదో ఈ పని తలపెట్టవద్దు. నేను ఇంటిపనిని సమర్థించేది ఈ హద్దుల లోపలే.

ఎత్తేటప్పుడు కళ్లు ఇంజన్ మీద కాదు, దానికి అంటిపెట్టుకున్న వాటి మీద ఉండాలి. రేడియేటర్ గొట్టాలు లాగుతున్నాయా, ఫ్యాన్లు దేనికైనా తగులుతున్నాయా, యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటోందా చూడాలి. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. మియాటాలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, కొత్తవాళ్లు బానెట్ కింద వెతుక్కుంటారు. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగను మాత్రం మరిచిపోకండి. రబ్బరు కరెంటును పోనివ్వదు కాబట్టే ఆ తీగ ఉంది. దాన్ని ఊడదీసి మళ్లీ బిగించకపోతే స్టార్టర్ లాగే కరెంటు కేబుళ్ల గుండా దారి వెతుక్కుని వాటిని మాడుస్తుంది. కొత్త మౌంటింగు పెట్టాక బోల్టులన్నీ చేతితో పట్టించి వదిలేయాలి, ఏదీ పూర్తిగా బిగించకూడదు. ఇంజన్‌ను దించి, దాని పూర్తి బరువు రబ్బరు మీద పడ్డాక, అటూ ఇటూ ఒకసారి ఊపి, తన చోటు తాను వెతుక్కున్నాక అప్పుడు టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంత బిగించాలి. ముందే బిగిస్తే రబ్బరు మెలికపడి, పుట్టిన రోజు నుంచే సగం సాగి ఉంటుంది. కొత్త మౌంటింగులు వేసినా వణుకు పోలేదని వాపోయేవాళ్లలో కొందరి కథ ఇక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు గట్టి రకం గురించి. దాన్ని కోరేవాళ్ల వాదన బలహీనమైనదేమీ కాదు. రేసు కార్లలో ఇంజన్ కదలదు కదా అంటారు. నిజమే. 1967లో హాలండ్‌లోని జాండ్‌వోర్ట్ రేసులో డ్రైవర్ జిమ్ క్లార్క్ గెలిపించిన లోటస్ 49 కారులో కాస్‌వర్త్ ఇంజనే చట్రంలో భాగం. రబ్బరు లేదు, వెనక సస్పెన్షన్ అంతా ఇంజన్‌కే వేలాడింది. కానీ ఆ కారు సిగ్నళ్ల దగ్గర ఆగదు, కూరగాయలకు వెళ్లదు, దాని అద్దం వణికితే ఎవరూ ఫిర్యాదు చేయరు. మాజ్దా కూడా మామూలు మౌంటింగుల ఆకారంలోనే గట్టి రబ్బరుతో పోటీ మౌంటింగులు అమ్మింది, అమెరికాలో స్పెక్ మియాటా పందేలు ఆడేవాళ్లకు వాటితో పని ఉంది. వారాంతంలో ట్రాక్ మీదికి పోయే కారుకైతే నేనూ వద్దనను. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు మాత్రం అది తప్పు మందు. ఇందుకు పోర్షె సాక్ష్యం చెబుతుంది. రేసు రక్తమున్న 911 జీటీ3లో 2010 మోడల్ నుంచి అయస్కాంత ద్రవం నింపిన మౌంటింగులు అందించింది. మెల్లగా పోతుంటే మెత్తగా ఉంటాయి, దూకుడుగా తోలితే గట్టిపడతాయి. గట్టిదనం ఒక్కటే చాలుననుకుంటే అంత బుర్ర, అంత డబ్బు ఆ ద్రవం మీద పెట్టేవాళ్లు కారు.

గట్టివి వేశాక కారు చేతికి ఎంతో దగ్గరైందని చెప్పేవాళ్ల మాటను కూడా తోసిపుచ్చలేం. యాక్సిలరేటర్ తొక్కగానే జవాబు, గేర్ రాడ్‌లో పొందిక, అవి ఊహలు కావు. అయితే వాళ్లు దేన్ని దేనితో పోల్చారు? పాతికేళ్ల చిరిగిన రబ్బరును తీసి కొత్త గట్టిది పెట్టారు. కొత్త మెత్తనిది పెట్టినా ఆ లాభంలో ఎక్కువ భాగం దక్కేది, ఎందుకంటే పోయింది హద్దు, తిరిగి రావలసింది కూడా హద్దే. కొత్త మెత్తదానికీ కొత్త గట్టిదానికీ తేడా చూస్తే మిగిలే లాభం చిన్నది, దానికి చెల్లించే వెల ప్రతి సిగ్నల్ దగ్గరా వణుకు. నెత్తిన నీళ్లకుండ మోసే మనిషి కుండ కింద చుట్టకుదురు పెట్టుకుంటుంది కానీ ఇటుకముక్క పెట్టుకోదు.

ఒకటే చిరిగింది, ఒకటే మారుద్దామన్న పొదుపు మరో చిక్కు. రెండూ ఒకే వయసువి. ఒకటి కొత్తది, ఒకటి ఎండిపోయింది అయితే ఇంజన్ ఒక పక్కకు వాలి కూర్చుంటుంది, కదలికలో ఎక్కువ భాగం మెత్తని వైపుకు పోతుంది. పైగా శ్రమంతా ఎత్తడంలోనే ఉంది, ఎత్తాక రెండోదానికి పట్టేది కొద్ది సమయమే. తుక్కు అంగడిలో అదే కారు నుంచి ఊడదీసిన మౌంటింగులు చవకగా దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గేర్‌బాక్స్‌కో తలుపుకో పాత సామాను పనికొస్తుంది గానీ రబ్బరుకు పాత సామాను అన్న మాటే లేదు.

స్పోర్ట్స్ కారు లేని శ్రోతలకు కూడా ఒక మాట. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీ వాకిట్లో ఉన్న చిన్న కారులో ఇంజన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. డిఫరెన్షియల్ కూడా ఇంజన్ ముక్కలోనే ఉంటుంది కాబట్టి గేరు పెంచిన బలాన్ని అది ఇంకో మూడు నాలుగు రెట్లు పెంచాక వచ్చే ఎదురుదెబ్బ అంతా ఆ మౌంటింగులే కాస్తాయి. మన స్పీడు బ్రేకర్లు, మన ఎండలు వాటి ఆయుష్షును తగ్గిస్తాయే తప్ప పెంచవు. మీ మెకానిక్ మౌంటింగు పోయిందంటే చిరిగిన చోటు చూపించమనండి, కంపెనీ రబ్బరే వేయమనండి, ఇంజన్ బరువు దిగాకే ఆఖరి బిగింపు వేయమనండి. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా ఆ రబ్బరు మీద ఆయిల్ కారుతోందేమో చూడమని చెప్పండి. కారుతుంటే ముందు మార్చవలసింది గాస్కెట్, ఆ తర్వాతే మౌంటింగు.